పాపిట తీసిన కప్పు

కోడుమూరు దగ్గర ఇనుప కడ్డీ ఒక్కటి కూడా లేని రాతికప్పు ఒకటుంది. అది నిలబడి ఉందంటే కారణం నేను. ఈ మాట కర్నూల్లో పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, కడప బస్సులో పక్క సీటాయనకు చెప్పాను, కంటి ఆసుపత్రి వరండాలో వరుసలో కూర్చున్నవాళ్ళందరికీ చెప్పాను. ఇప్పుడు అచ్చులోనూ చెబుతున్నాను. పునాదికి మూలమూలా మేకులు కొట్టి ముగ్గు పోసిన రోజు తాడు పట్టింది నేనే. కప్పు మూసుకోనని మొరాయించినప్పుడు, గుమ్మంలో నిలబడి, రెండు వేళ్ళ తేడా ఏ మూలన ఉందో ఒంటికంటితో పసిగట్టిందీ నేనే. ఆ కంట్లో అప్పటికే శుక్లం ముదిరింది కూడా.

ఇందులో తాడు సంగతి నిజం. కన్ను సంగతి కొంచెం ఆగి చెబుతాను. ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వచ్చిన పిల్లలు చదువుతారని రాస్తున్నాను కాబట్టి, మొదటి పేరాలోనే నన్ను నేను దించుకోవడం బాగుండదు.

నేను ప్రభుత్వంలో కట్టడాల ఇంజనీరుగా చేసి దిగినవాణ్ణి. నా చేతి మీదుగా లేచిన బడులు, ఆఫీసులు ఆత్మకూరు నుంచి రాజంపేట దాకా ఉన్నాయి. అన్నీ అక్కచెల్లెళ్ళు. నాలుగు స్తంభాలు, పైన కాంక్రీటు పలక. వేసవిలో వాటి కింద కూర్చున్నవాడు నన్ను తిట్టుకోకుండా ఫైలు తిప్పి ఉండడు. ఆ కట్టడాల్లో ఎవరూ ఎప్పుడూ తలెత్తి పైకి చూసింది లేదు, ఫ్యాను తిరుగుతోందా లేదా అని తప్ప.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని, ఎదురింటివాళ్ళు కడుతున్న మేడకు పైసా అడగకుండా సలహాలిస్తుంటే, మా ఆవిడకు తలవంపులుగా ఉండేది. అలాంటప్పుడు ఒక ఆర్కిటెక్టు అమ్మాయి ఫోను చేసింది. కడప పిల్ల. బయట ఎక్కడో చదువుకుని వచ్చి కర్నూల్లో ఒక గది తీసుకుని, ఒక ల్యాప్‌టాపు పెట్టుకుని, బోర్డు తగిలించింది. ఆమెకు అది మొదటి కట్టడం. సైటు దగ్గర నిలబడి చూసుకోవడానికి అనుభవమున్న మనిషి కావాలట. "అనుభవం" అనే మాట విన్నాక నేను వివరాలు అడగలేదు. చొక్కా తొడుక్కున్నాను.

కోడుమూరులో శెనిక్కాయల వ్యాపారం చేసే శెట్టి ఒకాయన, తల్లి పేరు మీద ఊరి చివర స్థలమిచ్చి, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు ఒక చదువుల గది కట్టిస్తానన్నాడు. ఆ పిల్లలు అంతవరకు బస్టాండులోనూ, ఆయన అంగడి అరుగు మీదా కూర్చుని చదివేవాళ్ళు. ఆయన పెట్టిన షరతు ఒకటే. గది చల్లగా ఉండాలి, ఏసీ ఉండకూడదు. ఏసీ పెడితే దాన్ని తిప్పడానికి ఆయన తర్వాత ఎవరూ దుడ్లు పెట్టరని ఆయన భయం.

ఆ అమ్మాయి దానికి కడప బండతో కమాను కప్పు గీసింది. మనం ఆ నల్ల బండను నేలకు పరుస్తాం, చేనుకు కంచెగా పాతుతాం, పెరట్లో దాని మీద గుడ్డలు ఉతుకుతాం. దాన్ని ముక్కలుగా కోసి, సున్నంతో అతికి, గాలిలో వంచి నిలబెడతానంటే నేను మర్యాదకు తలూపాను. రెండు చివరలా పట్టుకుని వేలాడదీసిన గొలుసు ఎట్లా వంగుతుందో కంప్యూటరులో చూపించి, దాన్ని తలకిందులు చేసి, అదే కప్పు అంది. గొలుసు లాగుడులో ఉంటుంది, తిప్పితే రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడతాయి. అట్లాంటి కమానులు వరుసగా పక్కపక్కన నిలబెడితే కప్పు. దాని నడిమి భాగం కొంచెం ఉబ్బుగా ఉంటుంది కాబట్టి ఒక్కో కమానులో ఒక్కో రాయిదీ ఒక్కో కొలత. బేతంచెర్లలో కంప్యూటరుతో నడిచే కోతమర ఉంది. ఆమె పంపిన లెక్క ప్రకారం రాళ్ళు కోసి, నంబర్లు రాసి, లారీలో పంపారు.

ఇక మేస్త్రీ. ఆయన కర్నూలు పాతబస్తీ మనిషి. వాళ్ళ నాయన, తాత గుమ్మటాలు కట్టినవాళ్ళు. ఈయన మాత్రం వయసంతా బాత్రూముల్లో టైల్సు అతికించాడు. మా శాఖ పనుల్లో నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు. అమ్మాయికి ఆయన్ను చూపించింది నేనే, దానికైనా నాకు కొంత పుణ్యం రావాలి. ల్యాప్‌టాపులో గొలుసు చూసి ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

"మా నాయన ఇట్లనే గొలుసు యాలాడదీసి, గోడ మీద బొగ్గుతో గీసుకుంటాండె పాపా. నువ్వు పెట్టెలో గీసినావు. గొలుసు అదే," అన్నాడు. మళ్ళీ తనే, "నాకు ఈ ఒక్క కప్పు ఇయ్యి. ఇంగ నా మొకాన టైల్సు రాసుంటే రాసుండనీ," అన్నాడు.

ఆమె ఆ రోజు నుంచి ఆయన్ను చిన్నాయనా అని పిలవడం మొదలుపెట్టింది. నన్ను మాత్రం చివరిదాకా సార్ అనే అంది.

గోడలు లేచాయి. మర కోసిన ప్లైవుడ్ చట్రాన్ని గోడల మధ్య నిలబెట్టి, దాని మీద రెండు వైపుల నుంచీ రాళ్ళు పేర్చుకుంటూ పైకి వచ్చి, నడినెత్తిన ఒక రాయి బిగించాలి. మేస్త్రీ దాన్ని నెత్తిరాయి అనేవాడు. అది బిగిసిందా, ఆ కమాను నిలబడినట్టే. చట్రాన్ని సున్నం ఆరేదాకా అట్లాగే ఉంచి, పక్కన ఇంకోటి నిలబెట్టి తర్వాతి కమాను మొదలుపెట్టాలి. పడమటి చివర నుంచి ప్రారంభించాం. మొదటి కమాను నెత్తిరాయిని చెక్క సుత్తితో కొడితే, డబ్బా మూత పడ్డట్టు దిగింది. ఆ చప్పుడుకు అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను కూడా ఏదో నా లెక్కే అన్నట్టు గడ్డం నిమురుకున్నాను.

కొన్ని కమానుల తర్వాత నెత్తిరాయి కాస్త వదులైంది. ఆ పక్క కమానులో ఊగింది. ఇంకా ముందుకు పోయేసరికి రాయి పక్కన బొటనవేలు దూరే సందు వచ్చింది.

అమ్మాయి బేతంచెర్లకు ఫోను చేసింది. మర పొరపాటు చెయ్యదు, చేస్తే మనుషులే చెయ్యాల అన్నాడట ఆ కోతమర యజమాని. అప్పుడు నేను ముందుకు వచ్చి, నా సర్వీసు బరువంతా ఆ మాటలో పెట్టి, ఇది ఎండ చేసిన పని అన్నాను. రోహిణి కార్తెలో రాయి సాగుతుంది, నాకు తెలుసు అన్నాను.

"రాయి సాగితే సందు తగ్గాల కదా సార్," అంది ఆ పిల్ల, చాలా మర్యాదగా. "పెరుగుతాందేమి?"

నేను నీళ్ళు తాగడానికి వెళ్ళాను.

మేస్త్రీ సందులో సున్నం దట్టించి మూసేస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అంత మందాన సున్నం ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, అప్పుడు రెండు పక్కల రాళ్ళూ ఒకదాన్నొకటి నొక్కవు, నొక్కకపోతే కప్పు లేదు అంది. మా నాయన దట్టించలేదా అని ఆయన, మీ నాయన ఇంత పల్చటి బండతో కట్టినాడా అని ఆమె. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ ఒక పూటంతా చెరో గోడకూ ఆనుకుని మాట్లాడుకోలేదు. కూలికి వచ్చిన ఆడవాళ్ళు సున్నం గంపలు దించి, చింతనీడన ఆకూవక్కా తీశారు.

సరిగ్గా అప్పుడే శెట్టి వచ్చాడు. చట్రం పక్కన నిచ్చెన ఎక్కి, తన బొటనవేలు సందులో పెట్టి చూసుకున్నాడు. దిగి, వేలికంటిన సున్నం తుడుచుకుని వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున ట్రాక్టరులో రేకులు వచ్చి దిగాయి. గోడవారగా పేర్పించి, అమ్మాయిని పిలిచి చెప్పాడు.

"నేను కోపంతో చెప్తాలేనమ్మా. పిల్లోళ్ళు బస్టాండులో కూచ్చోని సదువుతాండారు. మృగశిర లోపల నీ కప్పు మూసుకుంటే మంచిదే. మూసుకోకుంటే ఇది పీకేసి రేకులేస్తా. మా యమ్మ పేరు మీద కట్టింది ఎవురి నెత్తినో పడగూడదు."

న్యాయమైన మాట. ఆ పిల్ల తల వంచుకుని సరే అంది. ఆ రేకుల గుట్ట వైపు ఆమె చూడలేదు. మేస్త్రీ చూశాడు. దాని మీద చెయ్యి పెట్టి, చురుక్కుమంటే తీసేసుకున్నాడు. రేకులేస్తే ఆమె బోర్డు ఆ ఏడాదికే దిగిపోతుంది, ఈయన మళ్ళీ బాత్రూములకు పోతాడు. నాకు మాత్రం పోయేదేమీ లేదు, ఎదురింటి మేడ ఇంకా పూర్తి కాలేదు.

ఇప్పుడు కన్ను సంగతి. గుమ్మంలో నిలబడి ఆ తేడాను నేను కంటితో పట్టలేదు. అసలు పట్టలేదు. ఆ రోజు అమ్మాయి ఫోను ముందుకు పట్టుకుని, హారతి తిప్పినట్టు గది చుట్టూ మెల్లగా నడిచింది. గోడలు ఉన్నవి ఉన్నట్టుగా ఆ ఫోనులోకి కొలతలతో సహా ఎక్కాయి. దాన్ని ల్యాప్‌టాపులో పెట్టి, తను గీసిన పటం మీద పరిచింది. పటం పచ్చ గీత, గోడ ఎర్ర గీత. మూడు మూలల్లో పచ్చ మీద ఎర్ర కూర్చుంది. నాలుగో మూలలో, తూర్పూ ఉత్తరమూ కలిసే చోట, ఎర్ర గీత పచ్చను వదిలి బయటికి వెళ్ళిపోయింది. గది పడమట ఎంత వెడల్పుందో, తూర్పున అంతకంటే రెండు వేళ్ళు ఎక్కువ ఉంది. మనం పడమటి నుంచి తూర్పుకు పోయే కొద్దీ సందు పెరగదా మరి.

ఆమె ఆ మూలను తెర మీద పెద్దది చేసి చూసింది.

"గోడలు లేచినాక ఒకసారి ఫోను తిప్పి చూసి ఉండాల్సింది," అంది, తనలో తను అనుకున్నట్టు. "ముగ్గు కాడ సార్ ఉన్నారు కదా అని ఊరకున్నా."

దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. మేస్త్రీ నా వైపు ఒకసారి చూశాడు. నా మద్దతు కోరుతున్నాడనుకుని, పెద్దరికంగా తలూపాను.

"ఆ మూల తప్పిపోలేదు పాపా. పెంచినాం," అన్నాడాయన. "ఈశాన్యం గదా అది."

"ఎవరు పెంచమన్నారు చిన్నాయనా?"

"ఎవరన్నా చెప్తేనా చేసేది? ఈశాన్యం పెరక్కుండా లేచిన గోడ ఈ సీమలో యాడుండాదో చూపించు నాకు. నీది మొదుటి కట్టడం. నీకు మంచి జరగల్ల."

పిల్లలూ, మీరు నవ్వకండి. ఇది పుస్తకంలో ఉండదు. మా వైపు ముగ్గు పోసేటప్పుడు ఈశాన్యం మేకును పిసరంత బయటికి జరపనిదే మేస్త్రీ చెయ్యి ఆడదు. నా సర్వీసులో లేచిన ప్రతి బడికీ, ప్రతి ఆఫీసుకూ ఈశాన్యం పెరిగే ఉంటుంది. పటంలో ఉండదు, గోడలో ఉంటుంది. గుమ్మం ముందు చెప్పులు విడిచినంత మామూలుగా జరిగిపోతుంది. కాంక్రీటు పలక కింద రెండు వేళ్ళు ఎటు పోయినా ఎవరికీ పట్టదు. మర కోసిన రాళ్ళకు పట్టింది.

నేను మేస్త్రీని ఆటపట్టించాను. "అయిదు పూటలా నమాజు చదివేవాడివి, నీకు ఈశాన్యంతో ఏం పనప్పా?" అన్నాను.

"నాకేం పని సార్. కూచ్చునేది వాళ్ళు గదా. వాళ్ళ మనసులో ముల్లుంటే మనం ఎంత సున్నం పెట్టినా అతకదు."

ఆ అమ్మాయికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినట్టున్నాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, తను లెక్కలోకి తీసుకోనిది భూకంపం, గాలి, వాన కాదు, దీవెన అంది.

శెట్టికి ఈ సంగతి చెప్పక తప్పదు. నేనే చెప్పాను, తల దించుకుని, గోడ ఒక మూల కొంచెం పక్కకు పోయిందని. ఏ మూల అని అడిగాడు. ఈశాన్యం అన్నాను. ఆయన ముఖం విచ్చుకుంది. నడుచుకుంటూ పోయి ఆ మూలను అరచేత్తో తడిమాడు. "ఈ గోడ జోలికి ఎవురూ పోయేది లేదు," అన్నాడు. గోడ సరిచేసే దారి అట్లా మూసుకుపోయింది. కప్పు గడువు మాత్రం మారలేదు. రేకులు కదల్లేదు.

కోతమర దగ్గర వేసవి రద్దీ. మళ్ళీ రాళ్ళు కోయించాలంటే మా వరుస వచ్చేసరికి వానలొస్తాయి. ఉన్న రాళ్ళతోనే తేలాలి. ఆమె పొద్దంతా ల్యాప్‌టాపు ముందు కూర్చుని, పక్క రాళ్ళన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి, తేడా మొత్తాన్ని నెత్తిరాళ్ళ మీదికి నెట్టింది. ఒక్కో కమాను నెత్తిరాయి ముందుదానికంటే కాస్త వెడల్పు, పక్క వాలు కూడా మారుతుంది. ఎంతెంతో లెక్క ఆమెకు తెలుసు. ఆ లెక్కలో రాయిని చెక్కడం మేస్త్రీకి తెలుసు. ఆ లెక్క రాతి మీదికి ఎట్లా ఎక్కాలన్నదే చిక్కు.

దానికి దారి కర్నూలు ఫ్లెక్సీ షాపులో దొరికింది. అవునప్పా, పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ బ్యానర్లు వేసే షాపే. ప్రతి నెత్తిరాయినీ అసలు సైజులో గీసి, కొలత సాగిపోలేదని చూసుకోవడానికి పక్కన ఒక స్కేలు కూడా గీసి పంపింది. ఆ షాపాయన చూశాడు, బ్యానరు మరీ బోసిగా ఉంది అనుకున్నాడు. మంచి మనిషి. అడగకుండానే చుట్టూ బంతిపూల దండ, పైన "హృదయపూర్వక శుభాకాంక్షలు" పెట్టి అచ్చువేశాడు. కొలతలు మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు. రాతి పనివాళ్ళు ఆ ఫ్లెక్సీ నేల మీద పరిచి, బండముక్క దాని మీద పెట్టి, గీత దాకా ఉలి ఆడించారు. ఏ రాయి నడుస్తోందని అడిగితే, "శుభాకాంక్షల్లో 'క్ష' కాడికొచ్చినాం" అనేవాళ్ళు.

మొదటి రాయి చెక్కి పైకి పంపితే బిగియలేదు. మేస్త్రీ ఆమెను పిలిచి, నీ గీత మీద చెక్కితే ఉలి వాటం ఇంకో పిసరు తినేస్తాది, గీత బయటికే ఆపమంటావా అని అడిగాడు. ఆమె ఆ పిసరు కూడా లెక్కలో కలిపి మళ్ళీ అచ్చు వేయించింది. షాపాయన ఈసారి గులాబీలు పెట్టాడు. రెండోసారి రాయి చెక్క సుత్తి దెబ్బకు, ఆ మొదటి రోజు విన్న చప్పుడే చేసి దిగింది. ఆ చప్పుడు విని మేస్త్రీ పైనుంచి కిందికి, ఆమె కిందినుంచి పైకి చూసుకున్నారు. మళ్ళీ పోట్లాట రాలేదు, సున్నంలో బెల్లం నీళ్ళు ఎంత పోయాలన్న దగ్గర తప్ప.

మృగశిర ఇంకా రాకముందే చివరి కమాను మూశాం. కొన్నాళ్ళు తడుపుతూ ఆగి, ఒక పొద్దున కింది చట్రాలన్నీ దించాలనుకున్నాం. గుమ్మటాలు కట్టేవాళ్ళకు ఒక రివాజు ఉంది. ఆసరా తీసేటప్పుడు కట్టినవాడు దాని కిందే నిలబడాలి. మేస్త్రీ వెళ్ళి నడుమ నిలబడ్డాడు. గీసింది నేను గదా అని ఆ పిల్ల కూడా వెళ్ళి పక్కన నిలబడింది. నేనూ నిలబడ్డానని చాలామందికి చెప్పాను. నిలబడిన మాట నిజమే. గుమ్మంలో. ఒక కాలు బయట.

పనివాళ్ళు చీలలు వదులు చేశారు. చట్రాలు జానెడు కిందికి దిగాయి. పైన ఎక్కడో పళ్ళు కొరికినట్టు ఒక్క చప్పుడు వచ్చింది. సున్నం పొడి నెత్తిన రాలింది. అంతే.  మేస్త్రీ తలపాగా తీసి దులుపుకుని, కప్పును చూడకుండా ఆ అమ్మాయిని చూసి, "ఇంగ దిగదు పాపా," అన్నాడు. బయట రేకుల మీద కూర్చుని ఉన్న శెట్టి లేచి లోపలికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం కావస్తోంది. తలెత్తి చూసి, చొక్కా గుండీ విప్పుకుని, "సల్లగా ఉండాది," అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో ఒక కట్టడానికి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. నాకు కాకపోయినా, నేను ఆ పక్కనే ఉన్నాను.

ఇప్పుడు మీరు అక్కడికి వెళ్ళి తలెత్తితే, నల్లని కప్పు నడుమ పడమటి నుంచి తూర్పుకు ఒక వరుస కనబడుతుంది. మర కోసిన రాళ్ళు నునుపు, ఈ వరుస మాత్రం, మొదటి రాయి తప్ప, ఉలి గాట్లతో, పోను పోను వెడల్పవుతుంది. శెట్టి దాని మీద సున్నం పూయించమన్నాడు. అమ్మాయి వద్దంది. అక్కడ చదివే ఆడపిల్లలు దాన్ని పాపిట అంటారు. గంటల తరబడి పుస్తకం చూసి మెడ నొచ్చినప్పుడు వెనక్కి వాలి ఆ పాపిటనే చూస్తుంటారు. రేకులు వాళ్ళ స్కూటర్ల షెడ్డు అయ్యాయి. అమ్మాయి బోర్డు ఇంకా పెద్దదైంది. మేస్త్రీ ఇప్పుడు ఆమె రెండో కప్పు మీద ఉన్నాడు. ఎవరూ తలెత్తి చూడనివి కట్టి రిటైరయినవాణ్ణి, చూసేది ఒకటి కట్టేటప్పుడు పక్కన నిలబడనిచ్చినందుకు ఆ ఇద్దరికీ రుణపడి ఉన్నాను. ఇందులో గోరంత కూడా పెంచి చెప్పలేదు.

ఇక్కడికి ముగించి, అచ్చుకు పంపే ముందు ఒకసారి మేస్త్రీకి వినిపిద్దామని ఆయన్ను కోడుమూరుకు పిలిపించాను. స్కూటర్ల షెడ్డు కింద కూర్చుని అంతా చదివాను. ఫ్లెక్సీ దగ్గర నవ్వాడు. వాళ్ళ నాయన గొలుసు దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. తప్పులేమైనా ఉన్నాయా అని అడిగాను, ఉండవన్న నమ్మకంతో.

"శానా బాగుండాది సార్. ఒకటి తప్పు. మేకు జరిపింది నేను గాదు, నువ్వు."

నేను కాదన్నాను. ముగ్గు పోసిన రోజు తాడు నా చేతిలో ఉందే, నాకు తెలియదా అన్నాను.

"అదే చెప్తాండా. తాడు నీ చేతిలోనే ఉండె. నేను పాప పటం ప్రకారమే మేకు కొట్టినా. నువ్వొచ్చి చెప్పుతో ఇట్ల తట్టి జరిపి, ఈశాన్యం ఎవుడు పెంచుతాడప్పా, మీ నాయనా అంటివి."

నేను కాగితాలు సర్దుకుంటూ, అయితే ఆ రోజు ఆమె అడిగినప్పుడు పెంచినాం అని నీ మీద వేసుకున్నావేమి అన్నాను.

"సార్ ఉండాడని నమ్మినా అంటాండె ఆ పాప. నన్ను తిట్టినా మల్ల పనికి పిలుస్తాది. నిన్నెవరు పిలుస్తారు సార్?"